వెలితిని వెతికే పెట్టె

ఏటిగట్టులో జనం ఏం వెతుకుతారో సువర్చలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పదకొండేళ్లుగా ఆమె పని అదే. ఏటిగట్టు అంటే నిజం గట్టు కాదు. తెలుగులో బ్లాగులు రాసుకునేవాళ్లు లక్షల్లో చేరి, టపాలు పెట్టుకుని, ఒకరి టపా కింద ఒకరు వ్యాఖ్యలు రాసుకుని, అలిగి, కలిసి, మళ్లీ అలిగే చోటు. కాకినాడలో ఒక మేడ మీద మూడు గదుల్లో దాని ఆఫీసు. పేజీ పైభాగాన వెతుకుపెట్టె ఉంటుంది. అందులో ఒక మాట కొడితే ఆ మాటున్న టపాలన్నీ వస్తాయి. పక్కన రాసినవాళ్ల పేరు పెట్టుకోవచ్చు, తేదీలు పెట్టుకోవచ్చు, వద్దనుకున్న మాట ముందు చిన్న గీత పెడితే ఆ మాటున్నవి తప్పుకుంటాయి. ఇంత సదుపాయం చేసి పెట్టినా నూటికి ఎనభైమంది తమ పేరే వెతుక్కుంటారు. మిగిలినవాళ్లలో సగంమంది తమతో మాట్లాడటం మానేసినవాళ్ల పేరు వెతుకుతారు. ఈ సంగతి సువర్చల ఎవరితోనూ అనదు గానీ తలుచుకున్నప్పుడల్లా నవ్వుకుంటుంది.

ఉన్నదాన్ని ఎవరైనా వెతుకుతారు, లేనిదాన్ని వెతకగలమా అన్న పురుగు ఆమె బుర్రలో దూరి మూడేళ్లయింది. మొదట్లో ఆఫీసులో అందరూ దాన్ని సరదాగా తీసుకున్నారు. ఆమె మాత్రం పట్టు విడవలేదు. ఒక మనిషి రాసిన పాత టపాలన్నీ యంత్రం చేత చదివించింది. చదవగా చదవగా, ఈ మనిషి ఫలానా చోట ఫలానా సంగతి ఎత్తకుండా ఉండలేడని దానికి అలవాటు పట్టుబడింది. తర్వాత కొత్త టపా ఇస్తే, ఆ మనిషి బదులు అదే లోలోపల ఒకటి రాసుకుని, అసలుదాని పక్కన పెట్టి చూస్తుంది. ఒకటి రెండుసార్లు తేడా వస్తే పట్టించుకోదు. ఒకే సంగతి, ఒకే తేదీ నుంచి, రావలసిన చోటల్లా రాకుండా పోతే అప్పుడు చెబుతుంది. వెతుకుపెట్టెలో తేదీ, పేరు అన్న మీటల పక్కన ఇంకో మీట పెట్టి, దానికి వెలితి అని పేరు రాసింది.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ఏ కొత్త సదుపాయం తయారైనా మొదట ఇంటివాళ్ల బ్లాగుల మీదే నడిపి చూస్తారు. పరాయివాళ్ల పేజీలో వేలు పెట్టడం తప్పని వాళ్ల నమ్మకం. ఇంటివాళ్లను అడగక్కరలేదన్నది కూడా వాళ్ల నమ్మకమే. అందుకని మొదటి పరీక్షకి ఆఫీసు పెద్ద ప్రభుదాసు గారి మామగారు దొరికారు. ఆయన తునిలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరై, రైళ్ల ముచ్చట్లు రాస్తుంటారు. మీట నొక్కగానే యంత్రం ఒకటే చెప్పింది. టీ, పోయిన నవంబరు నుంచి లేదు. ప్రభుదాసు గారు అప్పటికప్పుడే ఫోన్ చేసి అడిగారు. షుగరొచ్చిందని డాక్టరు పంచదార మాన్పించాడనీ, చప్పటి టీ తాగేకంటే తాగకపోవడం నయమనీ, ఈ సంగతి కూతురికి చెబితే ఊరుకోననీ ఆ పెద్దాయన కేకలేశారు. ఫోన్ పెట్టేశాక ఆఫీసంతా పగలబడి నవ్వింది. సువర్చలకైతే కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆ ఊపులోనే రెండో పరీక్షకి తన అక్క సత్యవేణి బ్లాగు ఎక్కించింది.

"వేణక్క పొయ్యి" అంటే ఏటిగట్టులో తెలియనివాళ్లు లేరు. పెద్దాపురంలో కూర్చుని సత్యవేణి పద్నాలుగేళ్లుగా వంటల టపాలు రాస్తోంది. వంట ఎలా చేయాలో చాలామంది రాస్తారు. పప్పు ఉడుకుతుంటే మొదట ఏ వాసన వస్తుంది, ఎప్పుడు మారుతుంది, మారిన ఎంతసేపటికి దింపాలి అన్నది వేణక్క రాసినట్టు ఇంకెవరూ రాయలేరు. ఆమె ముక్కు మీద జనానికి అంత గురి. ఏటా మే నెలలో కొత్త ఆవకాయ పెట్టిన పాఠకులు జాడీలు పట్టుకుని ఆమె పెరట్లో దిగుతారు. ఆమె ఒక్కో మూత తీసి వాసన చూసి, ఆవపిండి పాతదా, నూనె ఎప్పటిది, మెంతులు మాడ్చారా అన్నది చెబుతుంది. జాడీల పండగ అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు. పోయిన ఏడు మోకాలి నొప్పి అని వేణక్క దాన్ని జరపలేదు.

యంత్రం ఇలా చెప్పింది. వాసన. చివరిసారి, పోయినేడు కాక ముందటేడు ఆగస్టు. ఆ తర్వాత నూట ముప్పై టపాలు. రావలసింది నాలుగు వందల చోట్ల, ఒక్కచోట కూడా రాలేదు.

యంత్రం తప్పిందేమోనని సువర్చల మామూలు పెట్టెలోనే అక్క పేరు, తేదీలు పెట్టి వెతికింది. వాసన, గుబాళింపు, ఘాటు, కమ్మదనం, మాడు కంపు. ఆగస్టుకి ముందు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. తర్వాత ఏదీ లేదు. ఆమెకి కుతూహలం ఎక్కువైంది. వాసన పోయిన చోట ఏం వచ్చిందో చూడాలని యంత్రాన్ని తిరగేసి నడిపింది. చప్పుళ్లు వచ్చాయి. పోపు ఎన్ని చిటపటలకి దింపాలి, నూనెలో వడ సద్దు ఎప్పుడు తగ్గుతుంది, ఉప్మా గిన్నెకి అంటుకునే ముందు గరిటె కింద ఎలా గరగరమంటుంది. ఫొటోలు కూడా వరసగా పెట్టుకుని చూసింది. సెప్టెంబరు నుంచి గ్యాసు పొయ్యి కనబడలేదు, దాని చోట కరెంటు పొయ్యి ఉంది. పేరు వేణక్క పొయ్యే అయినా మంట లేదు. అప్పుడు సువర్చలకి నవ్వాగిపోయింది. ఆ ఆగస్టులో అక్కకి పదిరోజులు జ్వరమొచ్చి తగ్గింది. తను ఫోన్‌లో రెండుసార్లు పలకరించి ఊరుకుంది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పెద్దాపురం వెళ్లింది. బావగారు సూర్యారావు బజారుకెళ్లారు. వేణక్క వంటింట్లో పెసరట్టు పోస్తోంది. సువర్చల వెంట తెచ్చిన ఇంగువ పొట్లం విప్పి, కొత్త రకం, ఎలా ఉందో చెప్పమని అందించింది. వేణక్క దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, గాఢంగా పీల్చి, పర్వాలేదు, కాస్త పిండి కలిపినట్టున్నాడు అంది. ఆ పొట్లంలో ఉన్నది ఇంగువ కాదు, గచ్చకాయంత మైనం ముద్ద మీద పసుపు చల్లి తెచ్చింది సువర్చల. తెచ్చేటప్పుడు తెలివైన పనే అనిపించింది. అక్క ముఖం చూశాక సిగ్గేసింది.

వేణక్క ముద్దని వేళ్లతో నొక్కి చూసింది. తెలిసిపోయింది. అట్టు తిరగేసి, పొయ్యి కట్టేసి, స్టూలు మీద కూర్చుంది.

"ఎలా పట్టేవు?" అని అడిగింది.

సువర్చల చెప్పింది. యంత్రం గురించి, నాలుగు వందల చోట్ల గురించి, చప్పుళ్ల గురించి అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఉత్సాహం కూడా వచ్చేసింది, ఆపుకోలేకపోయింది. వేణక్క ఓపిగ్గా వింది. జ్వరం తగ్గిన మూడోరోజు కాఫీ తాగితే వేణ్నీళ్లు తాగినట్టుందనీ, నాలుగు రోజుల్లో వస్తుందనుకున్నాననీ, రాలేదనీ, రాజమండ్రిలో డాక్టరు ఇంక రాకపోవచ్చన్నాడనీ చెప్పింది. ఉప్పూ పులుపూ కారమూ నాలుక్కి తెలుస్తాయట. మిగతాదంతా పోయిందట. గ్యాసు లీకైతే తెలియదని భయపడి పొయ్యి మార్చిందట. అంటే అన్నీ ఆలోచించుకునే దాచింది.

"బావగారికైనా చెప్పలేదా?"

"ఆయనకి చెబితే వండనిస్తారా? జాలిపడతారు. జాలిపడ్డవాళ్ల కంచంలో నేను వడ్డించలేనే. ఎవరికీ చెప్పకు."

సువర్చల అక్క చేతిమీద చెయ్యేసి మాటిచ్చింది. వేణక్క ఇంకోమాట కూడా అంది. ఈ ఏడు జాడీల పండగ జరపకపోతే ఒప్పుకోమని వ్యాఖ్యల్లో జనం పట్టుబట్టారనీ, మే మొదటి ఆదివారానికి ఒప్పుకున్నాననీ, నెలన్నర గడువుందనీ, ఈలోగా ఏదో ఉపాయం చూస్తాననీ అంది. రంగు చూసి సగం చెప్పగలదు, మిగతా సగం మాటల్లో నెట్టుకొస్తుంది. ఆమె మాటకారితనం తెలిసిన సువర్చలకి అది అయ్యే పనేననిపించింది.

మాట తప్పాలని ఆమె కలలోనైనా అనుకోలేదు. అసలు చిక్కంతా మాట నిలబెట్టుకోవాలన్న ఆత్రంలోనే వచ్చింది. తను పట్టినట్టే ఇంకెవరైనా పట్టేశారేమోనని భయం పుట్టింది. బస్సులో కూర్చుని ఫోన్ తీసి, ఏటిగట్టు వెతుకుపెట్టెలో "వేణక్క పొయ్యి వాసన తెలియదు" అని కొట్టింది. ఎవరూ అలాంటి వ్యాఖ్య రాయలేదు. స్థిమితపడింది. భోజనం దగ్గర ఇంకోసారి కొట్టింది. సాయంత్రం కొట్టింది. మర్నాడు లేవగానే కొట్టింది. పళ్లు తోముకుంటూ కొట్టిన రోజులు కూడా ఉన్నాయి. ఎప్పుడు కొట్టినా ఏమీ లేదనే వచ్చేది, ఆ ఏమీ లేదన్న మాట చూసుకుంటేనే ఆమెకి అన్నం సహించేది. ఇలా నెలరోజులు గడిచాయి.

పెట్టెలో ఒక పేరు కొడుతుంటే కింద సూచనలు జారి వస్తాయి. ఆ పేరుతో జనం ఎక్కువగా ఏం వెతుకుతున్నారో అదే పైకొస్తుంది. ఎన్నిసార్లు వెతికారన్నదే లెక్క, ఎంతమంది వెతికారన్నది కాదు. ఆఫీసులో చేసే వెతుకులాటలకి పరీక్ష అని ముద్ర ఉంటుంది కాబట్టి అవి లెక్కలోకి రావు. సువర్చల వెతికింది ఆఫీసులో కాదు, సొంత ఫోన్‌లో, మామూలు పాఠకురాలిలాగా. ఆ సూచనల పద్ధతి కట్టింది కూడా ఎనిమిదేళ్ల కిందట ఆమే.

ఏప్రిల్ చివరి వారంలో వేణక్క గుత్తివంకాయ టపా కింద ఎవరో అజ్ఞాత ఒక వ్యాఖ్య పెట్టారు. "పెట్టెలో మీ పేరు కొడుతుంటే వాసన తెలియదు అని వస్తోంది. ఏంటక్కా సంగతి?" అని. కింద ఇంకొకరు, నాకూ వస్తోంది అన్నారు. మరొకరు తెర మీది సూచనని ఫొటో తీసి పెట్టారు. ఇంకెవరో పాత టపాలు తిరగేసి, అవునర్రా, ఈమె వాసన మాటెత్తి చాన్నాళ్లయింది అని తేల్చారు. మధ్యాహ్నానికి ఎనభై వ్యాఖ్యలయ్యాయి. సగంమంది అక్కని వదిలేయండని తిట్టారు. ఆ తిట్లతోనే సంగతి తెలియనివాళ్లకి కూడా తెలిసిపోయింది.

సువర్చల ఆ సూచనని పది నిమిషాల్లో తీసేసింది. ఎవరి వెతుకులాట వల్ల వచ్చిందో చూడబోతే వరసన అన్నీ తన ఫోన్ నంబరే. అప్పుడే అక్క దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఎవరికి చెప్పేవు?"

"ఎవరికీ చెప్పలేదక్కా. ఎవరికైనా తెలిసిందేమోనని వెతికేను. రోజూ వెతికేను. దానివల్లే వచ్చింది."

"వెతికేవా," అంది వేణక్క. అని పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

సువర్చల ప్రభుదాసు గారి గదిలోకి వెళ్లి జరిగిందంతా దాచకుండా చెప్పింది. వెలితి మీట జూన్‌లో జనానికి ఇవ్వాలని ఆయన సంకల్పం. ఒక ఆస్పత్రివాళ్లు అప్పుడే రెండుసార్లు వచ్చి మాట్లాడి వెళ్లారు. రాతలో తేడా చూసి జబ్బు ముందే పట్టొచ్చని వాళ్ల ఆశ, అందులో అబద్ధం కూడా ఏమీ లేదు. ఎవరి పేజీ మీద వాళ్లే నొక్కుకునేలా తప్ప ఈ మీట బయటికి ఇవ్వకూడదంది సువర్చల. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఎవరి సంగతి వాళ్లకి తెలిసిందే కదమ్మా. దానికి పెట్టె ఎందుకు?"

"ఒకసారి మీ పేజీ మీద నడిపి చూడండి సార్. నేను బయటుంటాను."

ప్రభుదాసు గారు పాత రేవు ఫొటోలు పెట్టి, కింద నాలుగు మాటలు రాస్తుంటారు. అందులో ఏముంటుందిలే అన్నట్టు నవ్వి తలుపు వేసుకున్నారు. భోజనాల వేళ దాటింది, తలుపు తీయలేదు. మూడింటికి బయటికొచ్చి, ఆమె బల్ల దగ్గర నిలబడి, మీరన్నట్టే చేయండి అన్నారు. తనకేం కనబడిందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. మామగారికి ఫోన్ చేసి ఆవేళ నవ్వినందుకు ఏమీ అనుకోవద్దని చెబుతుండగా మాత్రం వింది. మర్నాటికి ఆ మీట ఎవరి పేజీలో వాళ్లకే కనబడేలా సువర్చల మార్చేసింది. మార్చినందువల్ల అక్క ఫోనెత్తదని ఆమెకి తెలుసు.

జాడీల పండగ ఆగిపోతుందనుకుంది. వేణక్క ఆపలేదు. చెప్పిన ఆదివారం పెరట్లో షామియానా వేయించింది. సువర్చల పిలవకుండానే వెళ్లింది. గేటు దగ్గర సూర్యారావు బావగారు కుర్చీలు దింపించుకుంటున్నారు. ఆయనకి కూడా వ్యాఖ్యల్లోనే తెలిసిందట.

"రామ్మా. లోపలుంది. పలకరించకపోతే నొచ్చుకోకు," అన్నారు. కుర్చీ ఒకటి పట్టుకుని ఆగి, "ఇరవై నెలలు ఆవిడ చేతి అన్నం తిన్నాను. ఒక్కరోజు కూడా కనిపెట్టలేకపోయాను చూడు," అన్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ముప్పై నలభైమంది వచ్చారు. ఎప్పుడూ గలగలలాడే జనం, చావు పరామర్శకి వచ్చినట్టు గుసగుసలాడుతూ కూర్చున్నారు. జాడీలు బల్లమీద వరసగా పెట్టారు, మూతులకి కట్టిన వాసెనగుడ్డలు ఎవరూ విప్పలేదు. వేణక్క వచ్చి బల్ల వెనక నిలబడింది. సువర్చలని చూసింది, చూడనట్టు చూపు తిప్పుకుంది.

"నాకు వాసన తెలీదండి. జ్వరమొచ్చి పోయింది. ఇంక రాదన్నారు. మీకు చెప్పకుండా ఇన్నాళ్లు రాసేను. అది తప్పే," అంది.

మొదటి వరసలో కూర్చున్న ఆవిడ ఒకరు లేచి తన జాడీ తీసుకున్నారు. అనపర్తి నుంచి తొమ్మిదేళ్లుగా వ్యాఖ్యలు రాస్తున్న రామసీత గారు ఆవిడ. మీ ముక్కుని నమ్మి మా ఇంట్లో వండేనమ్మా, మీకు తెలియందల్లా తెలిసినట్టు ఎలా రాసేరు అని మెల్లిగానే అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు. వేణక్క ఆవిడ గేటు దాటేదాకా చూసింది. పిలవలేదు. ఆ జాడీ వెళ్లిపోవడం తన చేతుల మీదుగా జరిగిందేనని సువర్చలకి తెలుసు.

వేణక్క మొదటి జాడీ గుడ్డ విప్పి, అది తెచ్చినామె ముందుకే తోసింది. మీరే చూసి చెప్పండి, ఎలా ఉంది అంది. ఆమె వంగి వాసన చూసి బాగుందండి అంది.

"బాగుంది అంటే నాకేం తెలుస్తుందమ్మా. ముందు నూనె తగిలిందా, ఆవ తగిలిందా?"

ఆమె మళ్లీ వంగింది. ఆవ ముందొచ్చిందేమో అంది. ముక్కు కొసకి తగిలిందా, కళ్ల వెనక దాకా వెళ్లిందా అని అడిగింది వేణక్క. కొసకేనండి. ఆ తర్వాత తడి గోడ లాంటిదేమైనా ఉందా? ఆమె మూడోసారి వంగి, ఆశ్చర్యపోయి, ఉందండి అంది. అయితే ఆవాలు పోయిన ఏటివి, ఎండబెట్టకుండా కొట్టించేరు అని తేల్చేసింది వేణక్క. ఆమె నిజమేనని ఒప్పుకుంది. జనంలో కదలిక వచ్చింది. రెండో జాడీకి ముగ్గురు పోటీపడి వంగారు. ఒకాయన మెంతి అన్నాడు, ఆయన భార్య మెంతి కాదు, మాడిన మెంతి అంది, వాళ్లిద్దరికీ అక్కడే తగువైంది. పద్నాలుగేళ్లుగా ఆమె రాసింది చదివినవాళ్లు, తమ ముక్కు కూడా పనిచేస్తుందని ఇప్పుడే తెలిసినట్టు జాడీల మీద పడ్డారు. వేణక్క అడుగుతూనే ఉంది, తిడుతూనే ఉంది, ఒక్కోచోట తప్పుతోంది కూడా. తప్పినప్పుడు ఒప్పుకుంటోంది. సువర్చల ఒక మూల నిలబడి చూస్తూ ఏడ్చేసింది.

జనం వెళ్లేసరికి మధ్యాహ్నం రెండయింది. బావగారు కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నారు. సువర్చల కూడా చెప్పులేసుకోబోతుంటే వేణక్క వచ్చి అరుగు మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది. సువర్చల కూర్చుంది. క్షమించమని అడగబోయింది.

"నేను నిన్ను ఏమీ అనను. అనాలనే ఉంది, ఇవాళ ఓపిక లేదు," అంది వేణక్క. కొంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు పట్టింది సగమేనే. నీ యంత్రానికి తెలీంది ఒకటుంది. ఇందాక వాళ్లు చెబుతుంటే అడిగేను గదా, నూనె ముందా, ఆవ ముందా అని. అడగడం వచ్చు గాబట్టి అడిగేను. వాళ్లు చెప్పిన వాసన మాత్రం నా ఊహకి రాలేదు. వాసన పోయిందని ఏడవట్లేదు నేను. అది ఎలా ఉండేదో మరిచిపోతున్నాను."

సువర్చల అక్క వైపు జరిగి కూర్చుంది.

"నేను రాసేను గదా అప్పట్లో. తీసి పెట్టు," అంది వేణక్క.

సువర్చల ఫోన్ తీసింది. పెట్టెలో అక్క పేరు పెట్టింది. తేదీ ఆ ఆగస్టుకి ముందు అని పెట్టింది. మామిడికాయ, వాసన అని కొట్టింది. టపాలు జారి వచ్చాయి, పైది పన్నెండేళ్ల కిందటిది. ఫోన్ అందించబోతే వేణక్క తీసుకోలేదు. నువ్వే చదవమని, గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది.

"కాయ ముచ్చిక విరవగానే సొన కారి, మొదట జీడి వాసన వస్తుంది," అని చదివింది సువర్చల. "అది కాయ వాసన కాదు, కంగారు పడి కాయని పారేయకండి. నీళ్లలో వేసి తీసి తుడిచి, కత్తి వేసినప్పుడు, టెంక పగిలే లోపల, ఒక్క క్షణం మాత్రం అసలు వాసన వస్తుంది. పచ్చిగా, చల్లగా, వానకి ముందు చెట్టు కింద నిలబడ్డట్టు ఉంటుంది. ఆ క్షణం దాటితే ఇంక రాదు, కాబట్టి అప్పుడు ఎవరితోనూ మాట్లాడకండి."

చదవడం అయిపోయింది. వేణక్క కళ్లు తెరవలేదు. ముక్కుపుటాలు అదిరాయి, గుండెల నిండా గాలి పీల్చింది, మెల్లిగా వదిలింది. సువర్చల ఫోన్ పట్టుకుని చూస్తోంది.

"రాలేదే," అంది వేణక్క. "ఇంకోటి చదువు."